వెనక చక్రం వీల్ సిలిండర్ లీక్: రబ్బర్ కిట్ చాలా, సిలిండరే మార్చాలా? ఒక పక్కా, రెండు పక్కలా?

నాచారం_ఆల్టో

అందరికీ నమస్కారం. నాన్నగారి 2012 ఆల్టో ఈ వానాకాలమంతా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉండిపోయింది. మొన్న బయటికి తీస్తే బ్రేక్ పెడల్ ఎప్పటికన్నా కిందికి దిగింది. బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ మిన్ గీత కంటే తక్కువుంది. పోశాను. నాలుగు రోజులకు మళ్లీ తగ్గింది. ఎడమ వెనక టైరు లోపలి వైపు తడి చార ఉంది. వేలితో ముట్టుకుంటే జిడ్డు తగిలింది, వాన నీళ్లు కాదు.

మా వీధి మెకానిక్ డ్రమ్ తీసి చూసి, "వీల్ సిలిండర్ లీక్. ఆ ఒక్క పక్క రబ్బర్ కిట్ వేస్తే చాలు" అని చెప్పి మళ్లీ బిగించాడు. మా బావేమో "బ్రేకుల దగ్గర కక్కుర్తి వద్దు, రెండు పక్కలా కొత్త సిలిండర్లు వేయించు" అంటున్నాడు. నాకు ఇద్దరి మీదా నమ్మకమే. బుధవారం బండి ఇవ్వాలి, అందాకా రోడ్డెక్కించను. మీరేమంటారు?

గ్యారేజ్_అన్న

మీ మెకానిక్ చెప్పింది తప్పు కాదు తమ్ముడూ. ఉప్పల్ పక్కన ఇరవై ఏళ్లకు పైగా నేను చేస్తున్నది ఈ పనే. వీల్ సిలిండర్ అంటే, చక్రంతో పాటు తిరిగే డ్రమ్‌కు బ్రేక్ షూలను ఒత్తే ఒక చిన్న గొట్టం. మధ్యలో స్ప్రింగు, దానికి రెండు పక్కలా రబ్బర్ కప్పులు, కప్పుల వెనక పిస్టన్లు, చివర్లకు దుమ్ము పోకుండా రబ్బర్ బూట్లు. అంతే. లీక్ వచ్చేది కప్పు దగ్గర. కప్పు గట్టిపడితే రబ్బర్ కిట్‌లోని కొత్తది వేస్తాం. గొట్టం బాగుంటే దాన్నెందుకు పారేయాలి?

ఇంకో మాట. మీ బండితో వచ్చింది కంపెనీ సిలిండర్. దాన్ని తీసేసి, పేరూ ఊరూ లేని డబ్బాలో వచ్చిన సిలిండర్ వేస్తే బండికి మేలు చేసినట్టా? కస్టమర్ డబ్బులు నా డబ్బుల్లాగే చూస్తాను నేను. ఆటో నడుపుకునేవాళ్లు, స్కూలు వ్యాన్ వాళ్లు వస్తారు నా దగ్గరికి. అవసరం లేని ఖర్చు వాళ్ల మీద వేయడం నాకు ఇష్టం లేదు.

రిటైర్డ్_వర్క్‌షాప్

అన్న గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. "గొట్టం బాగుంటే" అన్నారు చూడండి, నా పేచీ అంతా ఆ మాటతోనే.

బ్రేక్ ఆయిల్, అది డాట్ 3 అయినా డాట్ 4 అయినా, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. పెద్ద వాలు దిగేటప్పుడు పెడల్ మెత్తబడటానికి అదొక కారణం. అదే తేమ సిలిండర్‌లో అడుగు భాగాన్ని తినేస్తుంది. కదలకుండా నెలల తరబడి నిలబడిన కారులో కప్పు ఒకే చోట ఉండిపోతుంది. దాని అంచు వెంబడి సన్నటి గుంటలు పడతాయి. కొత్త కప్పు పెదవి బ్రేక్ వేసిన ప్రతిసారీ ఆ గుంటల మీదే రాసుకోవాలి. ఎన్నాళ్లు ఆగుతుంది?

నేను పనిచేసింది బస్సుల వర్క్‌షాపులో. బస్సులవి ఎయిర్ బ్రేకులు, వాటిలో ఈ సిలిండర్లు ఉండవు. డిపో జీపులకు మాత్రం ఉండేవి, వాటికి కిట్లు వేసీ వేసీ విసిగిపోయాం. ఈ ఆల్టో వానాకాలమంతా సెల్లార్‌లో నిలబడింది. నా సలహా రెండు పక్కలా కొత్త సిలిండర్లే. ఆ రెండూ ఒకే రోజు ఒకే బండికి ఎక్కాయి, ఒకే ఆయిల్ తాగాయి.

ఎల్బీనగర్_పానా

నా కారు పని నేనే చేసుకుంటాను, అందుకని రాస్తున్నాను. రెండేళ్ల కిందట ఒక గ్యారేజ్‌లో నా బండికి కుడి పక్క కిట్ వేశారు. నాలుగు నెలలు తిరక్కుండానే అదే పక్క మళ్లీ లీక్. ఈసారి ఎవరికీ ఇవ్వకుండా నేనే విప్పాను. కప్పు ఇంకా మెత్తగానే ఉంది, కొత్తదే కదా. ఫోన్ టార్చ్ లోపలికి కొట్టి చూస్తే అడుగున, ఆరు గంటల ముల్లు ఉండే చోట, నల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి. వేలిగోరు దాటించి చూశాను. ప్రతి చుక్క దగ్గరా గోరు టక్కుమని తట్టుకుంది. ఆ గోరు తట్టుకున్నదే రబ్బరు పెదవికీ తట్టుకుంటుంది కదా.

దాంతో పోయింది సిలిండర్ ఒక్కటే కాదు. ఆయిల్ పీల్చుకున్న బ్రేక్ షూలు కూడా పోయాయి. లైనింగ్‌లోకి, అంటే షూ మీద డ్రమ్‌కు రాసుకునే పొరలోకి, ఆయిల్ ఇంకాక గరుకు కాగితంతో రుద్దినా, పెట్రోల్‌తో కడిగినా లాభం లేదు, వేడెక్కగానే మళ్లీ ఊరుతుంది. షూలు ఒక పక్కకే మారిస్తే బండి ఒక పక్కకు లాగుతుంది కాబట్టి రెండు పక్కలా వేయాల్సి వచ్చింది. కిట్‌తో మిగిలిందనుకున్న డబ్బు అలా పోయింది.

నాచారం గారూ, మీ ఎడమ షూలు తడిశాయో లేదో మెకానిక్ చెప్పాడా? ముందు అది అడగండి.

గ్యారేజ్_అన్న

చెల్లెమ్మా, మీకు జరిగింది అన్యాయమే. కానీ అది కిట్ తప్పు కాదు, బోరు, అంటే గొట్టం లోపలి గోడ, చూడకుండా కిట్ వేసినవాడి తప్పు. నేను కిట్ వేసే ముందు బోరును కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే తుడుస్తాను. పెట్రోల్, కిరోసిన్, గ్రీజు కప్పుకు తగలనివ్వను, తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. పోత ఇనుము బోరులో పైపైన మరక ఉంటే మెల్లగా హోనింగ్ చేయొచ్చు, అంటే లోపల రుద్ది నునుపు చేయొచ్చు. గుంట ఉంటే నేను కూడా సిలిండరే మారుస్తాను, దీంట్లో గొడవ లేదు.

రిటైర్డ్_వర్క్‌షాప్

ఇనుము సరే. అల్యూమినియం సిలిండర్ అయితే? దాని బోరు మీద గట్టి పూత ఉంటుంది. హోనింగ్ చేస్తే ఆ పూతే లేచిపోయి ఇంకా తొందరగా తినేస్తుంది. ఏ బండికి ఏది ఉందో చూసుకోకుండా ఎమరీ కాగితం చుట్టి తిప్పేవాళ్లను నా కళ్లతో చూశాను.

రాణిగంజ్_కౌంటర్

స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో ఉంటాను కాబట్టి డూప్లికేట్ల సంగతి చెప్తాను. అన్న అన్నది నిజం, దొంగ డబ్బాలు వస్తున్నాయి. అలాగని కొత్త సిలిండర్లన్నీ చెడ్డవి కావు. పాతది విప్పి చేత్తో పట్టుకుని రండి. బోరు కొలత తేడా రాకూడదు. ఒక పక్క బోరు పెద్దదైతే ఆ పక్క షూ ఎక్కువ బలంతో తోస్తుంది, రెండు చక్రాలు ఒకేలా ఆగవు. బోల్టు రంధ్రాలు, పైపు మర, ఆయిల్ లైన్‌లోని గాలి తీసే నిపుల్ మర పక్కపక్కన పెట్టి చూసుకోండి. బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు ఇవ్వనన్న చోట బ్రేక్ సామాను కొనొద్దు. ఇది మా మార్కెట్ గురించే చెప్తున్నా.

ఇంకొకటి, కిట్ కూడా డూప్లికేట్ వస్తుంది. ఆ మాట ఎవరూ అనడం లేదు.

టోలిచౌకి_వ్యాగనార్

మీరంతా లీక్ గురించే మాట్లాడుతున్నారు. నాది లీక్ కాలేదు, పట్టేసింది. 2020 అక్టోబర్ వరదలో మా కాలనీలో బండి చక్రాలు మునిగేదాకా నీళ్లలో ఉంది. నీళ్లు పోయాక ఇంజన్, సీట్లు, వైరింగ్ అన్నీ చూపించాం, వెనక బ్రేకుల ఊసే ఎవరూ ఎత్తలేదు. కొన్ని నెలలకు విప్పితే ఒక పిస్టన్ తుప్పుతో బోరుకు అతుక్కుపోయి ఉంది. రెండు షూలలో ఒకటే పనిచేస్తోంది. అది సగానికి అరిగింది, రెండోది కొత్తదానిలా ఉంది. బయట ఒక్క చుక్క తడి లేదు. అంటే తడి లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు.

గ్యారేజ్_అన్న

మంచి మాట చెప్పారు. దానికి తోడు ఇంకోటి. కొత్త షూలు వేయించిన వారానికే సిలిండర్ లీకైందని చాలామంది నా మీదికి గొడవకొస్తారు. లైనింగ్ అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి జరుగుతూ వస్తాయి. కొత్త షూ మందంగా ఉంటుంది కాబట్టి అవి మళ్లీ లోపలికి వెళ్తాయి. ఇన్నేళ్లూ మడ్డి, తుప్పు పేరుకున్న చోటికి కప్పు పెదవి వెళ్లి కూర్చుంటుంది. లీక్ అప్పుడు మొదలవుతుంది. అందుకే షూలు మార్చేటప్పుడు బూటు అంచు ఎత్తి చూడకుండా డ్రమ్ ఎక్కించను.

నాచారం తమ్ముడూ, కుడి పక్క కూడా అలాగే చూడమని చెప్పు. సన్నటి స్క్రూడ్రైవర్‌తో బూటు అంచు కొద్దిగా ఎత్తాలి. లోపల కాస్త తేమ ఉంటే భయం లేదు, ఆయిల్ చుక్క కారితే మాత్రం అది పోయినట్టే. డ్రమ్ తీసి ఉన్నప్పుడు పెడల్ తొక్కొద్దు, పిస్టన్లు బయటికి దూకుతాయి.

పొడిగా ఉంటే కుడి పక్కను కదపొద్దంటాను నేను. పన్నెండేళ్లు దాటిన పైపు నట్టు తుప్పుతో పట్టేసి ఉంటుంది. బలంగా తిప్పితే నట్టుతో పాటు ఇనుప పైపు కూడా మెలి తిరుగుతుంది. బాగున్నదాన్ని విప్పబోయి పైపు మార్చాల్సి వచ్చిన బండ్లు నా దగ్గర ఎన్నో.

రిటైర్డ్_వర్క్‌షాప్

పైపు మెలి తిరుగుతుందని సిలిండర్ వదిలేయడం నాకు నచ్చదు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ నట్టుకూ నిపుల్‌కూ కొట్టి ఉంచాలి. ఓపెన్ స్పానర్ వాడితే మూలలు అరిగి గుండ్రమవుతాయి. పైపు దూరేలా పక్కన కోసిన రింగు స్పానర్ కావాలి. పనిముట్టు సరైనదైతే పైపు ఎందుకు మెలి తిరుగుతుంది?

ఇంజన్ ముందు చక్రాలను తిప్పే బండ్లలో బ్రేక్ లైన్లు చాలావరకు ఐమూలగా ఉంటాయి, ఎడమ వెనకదీ కుడి ముందుదీ ఒక జత. ఆ వెనక సిలిండర్ చేతులెత్తేస్తే దాని జతలోని ముందు బ్రేకు కూడా పోతుంది. ముందు చక్రాల మీదే బండి ఎక్కువగా ఆగుతుంది. అందుకే వెనకదే కదా అని తేలిగ్గా తీసుకోలేను. వాళ్ల నాన్నగారు నడిపే బండి ఇది.

ఎల్బీనగర్_పానా

నేను మధ్యలో ఉన్నాను. రెండు పక్కలా విప్పి బోరు చూడాల్సిందే, అక్కడ రిటైర్డ్ గారి వైపు. గోరు తట్టుకోని బోరుకు కిట్ వేయొచ్చు, అక్కడ అన్న వైపు. కానీ చూడకముందే కిట్ అనో సిలిండర్ అనో తేల్చేసే గ్యారేజ్‌కు బండి ఇవ్వొద్దు.

ఆయిల్ కూడా ఈసారే మొత్తం మార్పించండి. రెండేళ్లకోసారి మార్చాలని చాలా కంపెనీలు చెప్తాయి, మనలో ఎంతమందిమి మారుస్తున్నాం? గాలి తీసేటప్పుడు నిపుల్‌కు గొట్టం తగిలించి, రెండో కొస సీసాలోని ఆయిల్‌లో మునిగేలా పెట్టాలి. బుడగలు ఆగేదాకా తీయాలి. పైన డబ్బా ఖాళీ కాకుండా ఒకరు చూసుకోవాలి. పెయింట్ మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింట్ లేచిపోతుంది.

నాచారం_ఆల్టో

బుధవారం పక్కనే నిలబడి విప్పించాను. మెకానిక్ కాస్త ముఖం చిట్లించాడు కానీ కాదనలేదు.

ఎడమ పక్క షూలు తడిశాయి. సిలిండర్ విప్పితే బూటులోంచి గోధుమరంగు నీళ్లలాంటిది కారింది. బోరు తుడిచి టార్చ్ కొట్టాం. అడుగున అర్ధచంద్రంలా ఒక తుప్పు గీత, కప్పు కూర్చున్న చోట. గోరు తట్టుకుంది. మెకానిక్ కూడా తన గోరుతో చూసి, "దీనికి కిట్ ఆగదు" అని తనే అన్నాడు.

కుడి పక్క బూటు ఎత్తితే పొడిగా ఉంది. పిస్టన్లు రెండూ చేత్తో నొక్కితే కదిలాయి. ఇక్కడ నాకు టెన్షన్ వచ్చింది. రిటైర్డ్ గారి మాట తలుచుకుని విప్పమన్నాను. నిపుల్ రాలేదు. ఆయిల్ కొట్టి గంట ఆగినా రాలేదు, ఇంకాస్త బలం పెడితే విరిగేలా ఉందన్నాడు. గాలి తీయడానికైనా నిపుల్ తెరుచుకోవాలి కదా అని చివరికి ఆ పక్క కూడా కొత్త సిలిండరే వేశాం. రాణిగంజ్ నుంచి తెచ్చాను, బిల్లుతో, పాతది పక్కన పెట్టి చూసుకుని. పైపు నట్టు మాత్రం కోసిన రింగుతో ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది. షూలు రెండు పక్కలా కొత్తవి, ఆయిల్ మొత్తం కొత్తది.

తీసిన కుడి సిలిండర్‌ను ఇంటికి తెచ్చి బల్ల మీద విప్పాను. బోరు అద్దంలా ఉంది.

గ్యారేజ్_అన్న

చూశావా తమ్ముడూ, అద్దంలా ఉన్నదాన్ని తీసేశారు.

రిటైర్డ్_వర్క్‌షాప్

నిపుల్ తెరుచుకోని సిలిండర్ అద్దంలా ఉంటే మాత్రం ఏం లాభం అన్నా? నాచారం గారూ, నాన్నగారిని ఒకసారి ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి, పెడల్ ఎంత ఎత్తులో పట్టుకుంటోందో చెప్పమనండి. హ్యాండ్ బ్రేక్ ఎన్ని క్లిక్కులకు పడుతోందో కూడా.

నాచారం_ఆల్టో

నడిపారు. పెడల్ పైనే పట్టుకుంటోందట, హ్యాండ్ బ్రేక్ ఆరో క్లిక్కుకు పడుతోంది. వచ్చే ఆదివారం చక్రాలు తీసి రెండు పక్కలా షూలు బిగించిన వెనక ప్లేట్ అడుగున తడి ఉందేమో చూసి ఇక్కడ రాస్తాను.