సినిమాయేతర తెలుగు పాటను ఎలా సమీక్షించాలి?

ప్రశ్న: సినిమాతో సంబంధం లేకుండా యువ బృందాలు విడుదల చేస్తున్న తెలుగు పాటలకు సమీక్షలు రాయాలనుకుంటున్నాను. సన్నివేశమూ నటుడూ లేని పాటను దేనితో తూచాలి?

జవాబు 1: ఇది కొత్త చిక్కేమీ కాదండీ. ఘంటసాల గారు కవి కరుణశ్రీ పద్యాలను రికార్డుగా పాడినప్పుడు, ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలే పట్టే ఆ 78 ఆర్‌పీఎం గ్రామఫోను రోజుల్లో, దృశ్యాన్ని మాటే కట్టింది. అందుచేత ముందుగా సాహిత్యాన్ని విడిగా చదివి, ఒత్తులూ దీర్ఘాలూ బాణీ కోసం నలిగాయేమో చూడండి. నా మట్టుకు సగం పాటలు అక్కడే తేలిపోతాయి.

జవాబు 2: మిక్సింగ్‌ను, అంటే గొంతునూ వాద్యాలనూ ఏ పాళ్లలో కలిపారన్నదాన్ని కూడా గమనించాలి. ఫోను స్పీకరులో బేస్ గిటారు దాదాపు వినిపించదు కనుక హెడ్‌ఫోన్లు తప్పనిసరి.

ప్రశ్న వేసినవారు: గాయకుడు మన మిత్రుడే అయితే?

జవాబు 1: ఆ సంగతిని మొదటి వాక్యంలోనే చెప్పేయండి.