ఐపీఏ, స్టౌట్, గోధుమ బీరు ఉన్నాయి: కూరలో ఏది పోయాలి?

గరిటె:
ఆదివారం మధ్యాహ్నం చుట్టాలు భోజనానికి వస్తున్నారు. మాంసం సన్న సెగ మీద ఉడికించే కూర ఒకటి, పిండిలో ముంచి వేయించే చేప ఒకటి, రెండింట్లోనూ క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీదార్లు చేసేది) వాడి చేద్దామని ఉంది. ఫ్రిజ్‌లో ఐపీఏ (ఘాటైన వాసన ఉండే బీరు), స్టౌట్ (నల్లటి బీరు), గోధుమ బీరు ఉన్నాయి. ఐపీఏ వాసనంటే నాకు ప్రాణం, నారింజ తొక్క నలిపినట్టు ఉంటుంది, ఆ వాసన కూరకు పడితే ఎంత బాగుంటుందో అని ఆశ. కానీ చేదెక్కుతుందని ఒకరు, అలాంటిదేం ఉండదని ఇంకొకరు అంటున్నారు. మరో సంగతి, వచ్చేవాళ్లలో ఒకాయన మందు అసలు ముట్టరు. ఉడికితే ఆల్కహాల్ మొత్తం ఎగిరిపోతుందంటారు కదా, ఆయనకు వడ్డించొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, కాస్త టెన్షన్‌గా ఉంది.

పొయ్యిపక్క:
ఐపీఏ కూరలో పోయకండి. మీకు నచ్చిన ఆ వాసన హాప్స్‌లోని (చేదు కోసం, వాసన కోసం బీరులో వేసే పూలు) నూనెలది, వేడి తగిలితే కాసేపట్లోనే ఆవిరితో పాటు పోతుంది. చేదు మాత్రం ఎక్కడికీ పోదు. పైగా నీళ్లు ఇగిరేకొద్దీ ఆ చేదంతా తక్కువ రసంలో పేరుకుంటుంది, అర లీటరు బీరు పావు లీటరుకు వస్తే చేదు ఇంచుమించు రెట్టింపైనట్టే. సీసా మీద ఐబీయూ అని అంకె ఉంటే చూడండి, అది చేదు కొలత. ఐపీఏలు మామూలుగా 40 నుంచి 70 దాకా ఉంటాయి, జర్మన్ తరహా గోధుమ బీరు 8 నుంచి 15 మధ్యలోనే. స్టౌట్ కూడా తక్కువేం కాదు గానీ, బాగా వేయించిన మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వల్ల కాఫీ, కోకో రుచి వస్తుంది, అది మాంసానికి బాగా పడుతుంది. అందులోనూ మిల్క్ స్టౌట్ అయితే ఇంకా మంచిది, దాంట్లో వేసే లాక్టోజ్‌ని, అంటే పాల చక్కెరని, బీరును పులియబెట్టే ఈస్ట్ తినలేదు, ఆ తీపి అలాగే ఉండిపోతుంది.

నా పద్ధతి చెప్తాను. కిలో మాంసానికి ఉల్లిపాయలు అర కిలోకి తగ్గకుండా తీసుకోండి. ముక్కలు ఎర్రగా వేయించి పక్కకు తీసి, అదే గిన్నెలో ఉల్లిపాయలు సన్న సెగ మీద అరగంటైనా వేగనివ్వాలి, ఇక్కడ తొందరపడితే కూరకు రుచి రాదు. ఆ తర్వాత బీరు కొంచెం కొంచెంగా పోయండి. పోయగానే నురగ ఒక్కసారిగా పొంగుతుంది కాబట్టి లోతైన గిన్నె ఉండాలి. నురగ అణిగాక చెక్క గరిటెతో అడుగంతా గీకితే అంటుకున్న ముదురు పొర వదిలి రసంలో కలుస్తుంది, అసలు రుచి దాంట్లోనే ఉంది. 330 మి.లీ. బీరు పోస్తే నీళ్లు కూడా అంతే పోసి, మూత పెట్టి రెండున్నర గంటలు వదిలేయండి. మూత ఉంటే రసం మరీ ఇగరదు, చేదూ అదుపులో ఉంటుంది. ఉప్పు చేదును అణుస్తుంది కాబట్టి చివర్లో రుచి చూసి సరిచేయండి, ఇంకా చేదనిపిస్తే చెంచాడు పంచదార, కాస్త వెనిగర్. బెల్జియం వాళ్లు బీరుతో చేసే మాంసం కూర కార్బొనాడ్ కూడా దాదాపు ఇలాగే వండుతారు, వాళ్లు ఆవాల ముద్ద పూసిన రొట్టె ముక్క పైన వేస్తారు, అది కరిగి రసం చిక్కబడుతుంది.

కొలతచెంచా:
వంట బాగా చెప్పారు. నేను ఆల్కహాల్ సంగతి చెప్తాను. మొత్తం ఎగిరిపోతుందన్నది నిజం కాదండీ. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది గానీ నీళ్లతో కలిసి ఉన్నప్పుడు రెండూ కలిసే ఆవిరవుతాయి, అందుకే కొంత మిగులుతూనే ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం 15 నిమిషాలు ఉడికితే 40 శాతం, గంటకు 25 శాతం, రెండు గంటలకు 10 శాతం, రెండున్నర గంటలకు 5 శాతం మిగులుతుంది. 330 మి.లీ. బీరులో ఆల్కహాల్ 5 శాతం అనుకుంటే 16 మి.లీ. పైచిలుకు, చివరికి గిన్నె మొత్తంలో ఒక మి.లీ. కూడా ఉండదు. చాలా తక్కువే. అయినా తినాలా వద్దా అన్నది ఆయన ఇష్టం, మనం లెక్కలేసి ఆయన తరఫున నిర్ణయించకూడదు. ఆరోగ్యం, వేసుకునే మందులు, నమ్మకం, మానేసిన అలవాటు, కారణం ఏదైనా కావచ్చు. ముందే ఫోన్ చేసి చెప్పండి, ఆయన కోసం బీరు లేకుండా ఒక చిన్న గిన్నె విడిగా వండండి. గ్లూటెన్ అనే ప్రొటీన్ పడనివాళ్లు ఉన్నారేమో కూడా అడగండి, బీరు బార్లీ, గోధుమలతో చేసేదే కదా.

నురగ:
చేపకు గోధుమ బీరు వాడండి. 100 గ్రాముల మైదా, 50 గ్రాముల కార్న్‌ఫ్లోర్, ఉప్పు, 200 మి.లీ. చల్లటి బీరు. ఉండలు కొన్ని మిగిలినా ఫర్వాలేదు, ఎక్కువ కలిపితే గ్లూటెన్ సాగి పైపొర గట్టిపడుతుంది. ముక్కల తడి బాగా తుడిచి, పొడి పిండి అద్ది, అప్పుడు ముంచండి. నూనె 180 డిగ్రీలు ఉండాలి. బీరులోని గ్యాస్ బుడగలు వేడికి ఉబ్బుతాయి, ఆల్కహాల్ త్వరగా ఆవిరవుతుంది, అందుకే పొర పలచగా, కరకరలాడుతూ వస్తుంది.

ఐపీఏ విషయంలో మాత్రం పొయ్యిపక్క గారితో పూర్తిగా ఏకీభవించను. కూరలో వద్దు, సరే. కానీ ఈ పిండిలో అది ఇగిరి చిక్కబడదు కదా, ఆ కాస్త చేదు చేపకు బాగానే ఉంటుంది. వాసన కావాలంటే కూర దించాక రెండు చెంచాలు కలిపినా దక్కుతుంది.

కొలతచెంచా:
దించాక కలిపితే ఆల్కహాల్ దాదాపు అంతా ఉంటుంది, అదే పట్టికలో 85 శాతం అని ఉంది. మందు ముట్టని ఆయన గిన్నెలో మాత్రం కలపకండి.

గరిటె:
చాలా థాంక్స్ అండీ. కూరకు స్టౌట్, చేపకు గోధుమ బీరు. ఐపీఏ తాగేవాళ్లకు గ్లాసుల్లో పోస్తాను. ఆయనకు ఇప్పుడే ఫోన్ చేశాను, కూరా చేపా రెండూ ఆయనకు విడిగా చేస్తున్నా. ఒక్క డౌట్, చేప పిండి పొద్దున్నే కలిపి పెట్టుకోవచ్చా?

నురగ:
వద్దు, గ్యాస్ అంతా పోతుంది. పొడి పిండి మాత్రం కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుని, నూనె కాగాక సీసా తెరవండి. ఆయన చేపకు బీరు బదులు చల్లటి సోడా పోసి, ముందు అదే వేయించండి, బీరు పిండి ముక్కలు ఆ తర్వాత.