అప్‌డేట్: మికాసా కాగితం ఓడ, పక్కలు కుంగడం, ముక్కు దగ్గర కాగితం చాలకపోవడం (కారణం దొరికింది)

రెండు నెలల కిందట అడిగింది గుర్తుందా? 1:200 స్కేల్లో మికాసా చేస్తున్నాను (1905లో రష్యాతో జరిగిన సుషిమా యుద్ధంలో జపాన్ అడ్మిరల్ టోగో ఎక్కిన యుద్ధనౌక; భాగాల పేజీలు ప్రింటు తీసి, కత్తిరించి అతికించేది). పక్కల కాగితం ముక్కు దగ్గర చాలట్లేదు, అడ్డ అట్టల (లోపల పక్కటెముకల్లా నిలబెట్టేవి) మధ్య కుంగి బక్క ఎద్దు డొక్కల్లా కనిపిస్తోందని రాశాను. జవాబిచ్చినవాళ్లందరికీ థాంక్స్.

"ముందు ప్రింటు మీద స్కేలు పెట్టి కొలవండి" అన్నవారి మాటే నిజమైంది. ఓడ పక్కలున్న రంగు పేజీలో 10 సెం.మీ. అని ఇచ్చిన గీత కొలిస్తే 9.7 ఉంది! అట్టల పేజీలు ఇంట్లో 100 శాతంలో తీశాను, రంగువి జిరాక్స్ షాపులో 'ఫిట్ టు పేజ్' (పేజీలో పట్టేలా బొమ్మని కుదించేది) పెట్టి తీశారు. దాదాపు 66 సెం.మీ. ఓడకి 3 శాతమంటే రెండు సెంటీమీటర్లు. ఇక ఎలా చాలుతుంది? మళ్లీ తీయించాను, అంచుకి అంచు కూర్చుంది.

కుంగడానికి మందు వేరే. అట్టల మధ్య మొదట థర్మాకోల్ నింపితే సాండ్ పేపర్ తగలగానే పూసలు పూసలుగా రాలింది. ఫోమ్ బోర్డు నిలబడింది. దాని మీద తెల్ల కాగితం పట్టీలు, ఆపైన రంగు కాగితం, జిగురు చాలా పల్చగా.

వానాకాలం తేమ వల్లో, కాగితం మందం వల్లో ఇలా అవుతోందేమో అనుకున్నాను గానీ, వాటికి దీనితో సంబంధం లేదు. ఆ అనుమానంతో కొన్న ఖరీదైన కాగితం బీరువాలో పడి ఉంది.