విండోస్ బ్యాకప్ సర్వర్ నుంచి లినక్స్ మెషీన్లకు ఏజెంట్ పుష్ అవ్వట్లేదు

ప్రశ్న – నైట్‌షిఫ్ట్_అడ్మిన్
మా బ్యాకప్ సర్వర్ విండోస్. క్లయింట్లలో సగం విండోస్, మిగతావి రెడ్ హ్యాట్ 7, 8, కొన్ని ఉబుంటు. కొత్త ఏజెంట్ (క్లయింట్ల మీద ఉండి బ్యాకప్ తీసే ప్రోగ్రామ్) సర్వర్ నుంచి పుష్ చేస్తే విండోస్‌లో చాలావాటికి ఎక్కింది గానీ లినక్స్‌లో ఒక్కోటి ఒక్కోలా ఏడుస్తోంది: ఒకచోట 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్', ఇంకోచోట రూట్‌తో (అన్ని హక్కులూ ఉండే అకౌంట్) నడిపినా 'పర్మిషన్ డినైడ్', రెడ్ హ్యాట్ 7లో జీలిబ్‌సీ (ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) కావాల్సిన వెర్షన్ లేదంటోంది. ఫైర్‌వాల్ టీమేమో పోర్టులన్నీ తెరిచామంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

టెర్మినల్_తాత
ఫైర్‌వాల్ వాళ్లను వదిలేయండి పాపం. అవతలి మెషీన్ మీద స్క్రిప్ట్ ఎర్రర్ ఇచ్చిందంటే ఫైల్ చేరినట్టే, లాగిన్ కూడా అయినట్టే. మీకున్నది ఒక సమస్య కాదు, మూడు.

బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ అంటే దాదాపు ఎప్పుడూ లైన్ ఎండింగ్స్ (లైన్ ముగిసిందని చెప్పే కనిపించని గుర్తులు) గొడవే. స్క్రిప్ట్‌ను విండోస్‌లో ఎడిట్ చేసినా, ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ (లైన్ ఎండింగ్స్‌ను విండోస్ పద్ధతికి మార్చే సెట్టింగ్) ఆన్‌లో ఉన్న గిట్‌తో దించుకున్నా ప్రతి లైన్ చివర ఒక క్యారేజ్ రిటర్న్ చేరుతుంది, లినక్స్ దాన్ని కూడా ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రామ్) పేరులో భాగం అనుకుంటుంది. ఇప్పటికి డాస్2యూనిక్స్ (వాటిని తీసేసే కమాండ్) కొట్టండి, తర్వాత గిట్ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఎల్‌ఎఫ్ (లినక్స్ లైన్ ఎండింగ్) అని రాసిపెట్టండి, లేకపోతే వచ్చే అప్‌గ్రేడ్‌కి మళ్లీ ఇదే.

రూట్‌కి కూడా పర్మిషన్ లేదంటే టెంప్ ఫోల్డర్ నోఎగ్జెక్‌తో (అక్కడి ఫైళ్లను నేరుగా నడపనివ్వని సెట్టింగ్) మౌంట్ అయిందేమో చూడండి. లేదా విండోస్ షేర్ మీంచి కాపీ అవడంలో ఎగ్జిక్యూట్ బిట్ (ఫైల్‌ను నడపొచ్చనే అనుమతి) పోయుంటుంది. షెల్‌కి ఇచ్చి నడిపితే స్క్రిప్ట్ మొదలవుతుంది, కానీ అది విప్పిన బైనరీ దగ్గర మళ్లీ ఆగుతుంది, అలా సగంలో ఆగినవి శుభ్రం చేయడం అసలు పనికన్నా పెద్ద తలనొప్పి.

రెపో_రాజు
జీలిబ్‌సీ సంగతి నేను చెప్తా. రెడ్ హ్యాట్ 7లో ఉండేది 2.17, 8లో 2.28. కొత్తదాని మీద బిల్డ్ చేసిన బైనరీ పాతదాని మీద నడవదు, 7 కోసం చేసిన ప్యాకేజీ విడిగా ఉందేమో వెతకండి, లేకపోతే ఆ మెషీన్లకు పాత ఏజెంటే ఉంచండి. ఎవరైనా జీలిబ్‌సీనే అప్‌గ్రేడ్ చేసేయమంటే మాత్రం వినకండి, మెషీన్ మొత్తం దాని మీదే నిలబడుంది.

అసలు లినక్స్‌కి విండోస్ నుంచి పుష్ చేయడమే నాకు నచ్చదు. లోపల రెడ్ హ్యాట్‌కి ఒక యమ్ రెపో, ఉబుంటుకి ఒక ఆప్ట్ రెపో (ప్యాకేజీలు ఉంచే చోట్లు) పెట్టి ఆన్సిబుల్‌తో (చాలా మెషీన్ల మీద ఒకేసారి పనులు చేయించే టూల్) లాగించండి, ఏ ఓఎస్‌కి ఏ ప్యాకేజీ, డిపెండెన్సీ ఏంటి అన్నది ప్యాకేజీ మేనేజరే చూసుకుంటుంది.

నైట్‌షిఫ్ట్_అడ్మిన్
నోఎగ్జెక్ నిజమే, ఆ మెషీన్లన్నీ సెక్యూరిటీ టీమ్ హార్డెనింగ్ (భద్రత కోసం సెట్టింగులు బిగించడం) చేసినవే. లైన్ ఎండింగ్స్ కూడా సరిచేశా, అవి ఎక్కాయి. ఇంకో డౌట్: విండోస్‌లో మిగిలినవి డొమైన్‌లో (మెషీన్లన్నిటికీ ఉమ్మడి లాగిన్ వ్యవస్థ) లేని మెషీన్లు, లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ సరైనదే ఇచ్చినా యాక్సెస్ డినైడ్ అంటోంది.

టెర్మినల్_తాత
అది యూఏసీ (విండోస్‌లో అడ్మిన్ హక్కులను అదుపు చేసే రక్షణ) పని. డొమైన్‌లో లేని మెషీన్‌కి లోకల్ అకౌంట్‌తో రిమోట్‌గా వెళ్తే అడ్మిన్ హక్కులు కత్తిరించేస్తుంది, బిల్ట్-ఇన్ అడ్మినిస్ట్రేటర్‌కి తప్ప. రిజిస్ట్రీలో లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీని 1 చేస్తే పోతుంది గానీ అది ఒక రక్షణను తీసేయడమే, ఉన్నవి కొన్నే అయితే చేత్తో ఇన్‌స్టాల్ చేసేయండి.

రెపో_రాజు
ఇంకోటి, ఇన్‌స్టాల్ అయిందని కన్సోల్‌లో పచ్చగా కనిపించగానే టికెట్ మూసేయకండి. ఒక్కో ఓఎస్ నుంచి ఒక మెషీన్ తీసుకుని చిన్న ఫోల్డర్‌ బ్యాకప్ చేసి, దాన్ని వేరే చోటికి రీస్టోర్ చేసి చూడండి.