చెవులా, కొమ్ములా? "బూట్ ప్రాధాన్యత"లో ఆ "త" సంగతేంటి?

అరసున్న:
రెండు రోజులుగా ఒక సామెత నోట్లో నానుతోంది, చివరి మాట మాత్రం తగలడం లేదు. "ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు..." ఆ తర్వాత వాడి అనాలా, గట్టి అనాలా, మిన్న అనాలా? ఒకే కంప్యూటర్లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకునేవాళ్ల కోసం "బూట్ ప్రాధాన్యత" అని ఒక వ్యాసం రాస్తున్నాను, దాని ఎత్తుగడకి కావాలి. ముందు లినక్స్ వేసి, తర్వాత విండోస్ వేస్తే, ఏది తెరవాలో అడిగే గ్రబ్ మెనూ మాయమై నేరుగా విండోస్ తెరుచుకుంటుందే, దానికి ఇంతకన్నా అతికే సామెత దొరకలేదు.

బండిరా:
వాడి. అనుమానం అక్కర్లేదు. "కన్నా" పక్కన "మిన్న" వినసొంపుగా ఉందని ఎవరో తర్వాత తగిలించి ఉంటారు. చెవికీ కొమ్ముకీ ఉన్న తేడా పదునే కదా.

శకటరేఫ:
నేను విన్నది గట్టి. పైగా "కొమ్ములు వాడి" అంటే ఎవడి కొమ్ములు అని అడగాలనిపిస్తుంది :)

బండిరా:
అలా చదివితే చివర "వి" పడాలి, "వాడివి" అని. ఇక్కడ వాడి అంటే పదును, అంతే. సామెతల్లో క్రియ లేకుండా ఇలా ముగియడం మామూలే, వ్యాకరణం పట్టుకుని సామెతల్ని బెదిరించకండి.

వలపలగిలక:
సామెత సంగతి తర్వాత. ముందు ఆ "ప్రాధాన్యత" తీసేయండి అరసున్న గారూ. ప్రధానం నుంచి ప్రాధాన్యం వచ్చింది, భావార్థం అందులోనే ఉంది, దానిమీద మళ్లీ "త" ఎందుకు? టోపీ మీద టోపీ. ప్రాముఖ్యత, నైపుణ్యత, అన్నీ ఈ బాపతే.

శకటరేఫ:
మరి ఐక్యత? యోగ్యత, సభ్యత కూడా తీసేద్దామా?

వలపలగిలక:
యోగ్య, సభ్య విశేషణాలు. వాటికి "త" చేరితేనే భావం వస్తుంది, అవి నిక్షేపంలాంటి మాటలు. ఐక్యత మాత్రం ప్రాధాన్యతకి తోబుట్టువే, జనం నోళ్లలో అరిగిపోయి చెల్లుబాటైంది. చెల్లుబాటు వేరు, సాధుత్వం వేరు.

బండిరా:
త ఉన్నా లేకున్నా అసలు మాటే తప్పంటాను నేను. అక్కడ జరిగేది ప్రాధాన్యం ఇవ్వడం కాదు, వరుస. యూఈఎఫ్ఐ (పాత బయాస్ స్థానంలో వచ్చిన, కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రాం) ఉన్న మెషీన్లలో మదర్‌బోర్డు తన దగ్గర ఒక పట్టీ ఉంచుకుంటుంది, దాని పేరే బూట్‌ఆర్డర్. 0003, 0000, 0001 అని అంకెలుంటాయి, మొదటిది దొరక్కపోతే రెండోదాన్ని పిలుస్తుంది. లినక్స్‌లో ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్ అని కొడితే కనిపిస్తుంది, అదే ఆజ్ఞకి మైనస్ ఓ తగిలించి వరుస మార్చుకోవచ్చు. ఒక్కసారికి మాత్రమే వేరేది తెరవాలంటే బూట్‌నెక్స్ట్ ఉంది, అదీ ఆ ఆజ్ఞతోనే, మైనస్ ఎన్. ఇందులో ప్రధానం, అప్రధానం ఎక్కడున్నాయి?

ఇంకో మాట. మీ సామెత పాత బయాస్ రోజులకే చెల్లుతుంది. అప్పుడు డిస్కు మొదటి 512 బైట్లలో బూట్ కోడ్‌కి ఉన్న చోటు 446 బైట్లే, ఎవరు చివర వస్తే వాళ్లు ముందువాళ్లది చెరిపేసి రాసుకునేవారు. ఇప్పుడు డిస్కులో బూట్ ఫైళ్ల కోసం విడిగా ఉంచే ఈఎఫ్ఐ పార్టిషన్లో మైక్రోసాఫ్ట్‌కి ఒక ఫోల్డరు, ఉబుంటుకి ఒక ఫోల్డరు. చెవులూ ఉంటాయి, కొమ్ములూ ఉంటాయి, ముందు ఎవర్ని పిలుస్తారన్నదే తగువు. గ్రబ్ మాయమైందంటే చాలాసార్లు చెరిగిపోలేదు, వరుసలో వెనక్కి జరిగిందంతే. కొన్ని ఫర్మ్‌వేర్లు (మదర్‌బోర్డులోనే ఉండే ఆ లేపే ప్రోగ్రాములు) మనం పెట్టిన వరుసని లెక్కచేయకుండా విండోస్‌నే తెరుస్తాయి, అది వేరే ఖర్మ.

రావత్తు:
ఈ చర్చ చదువుతుంటే నాకు గజేంద్రుడు గుర్తొచ్చాడు. "మూలకారణంబెవ్వడు"! ఫర్మ్‌వేరా, గ్రబ్‌కి ముందు నడిచే షిమ్మా, గ్రబ్బా, ఓఎస్‌కి గుండెకాయలాంటి కెర్నలా? పోతన గారు ఆ పద్యంలో ప్రాస "వ్వ" కోసం ఆ మాటని పాదం చివర "కారణం" దగ్గర విరిచి, తర్వాతి పాదం "బెవ్వడు" అని ఎత్తుకుంటారు చూడండి, అక్కడ గొంతు దానంతటదే ఒక క్షణం ఆగుతుంది. గ్రబ్ కూడా అచ్చం అలాగే మెనూ దగ్గర కొన్ని సెకన్లు ఆగుతుంది కదా.

శకటరేఫ:
రావత్తు గారు పోతన దాకా రాకుండా ఏ చర్చ ఆగింది కనుక. అయితే అదే పద్యంలో "ఎవ్వని యందు డిందు" షట్‌డౌన్ అన్నమాట.

రావత్తు:
కాదు కాదు. డిందు అంటే ఆరిపోవడం కాదు, అణగడం, లయించడం. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా దాని కెర్నల్ డిస్కులో నిద్రాణంగా ఉంటుంది, అప్పుడు లినక్స్ నుంచి ఆ పార్టిషన్లో రాయబోతే కుదరదు పొమ్మంటుంది. అదీ డిందడమంటే.

బండిరా:
ఇది మాత్రం ఒప్పుకున్నాను.

అరసున్న:
అయ్యా, టైటిల్ "బూట్ వరుస" అని మార్చాను. కానీ కొత్త చిక్కు. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్లో గ్రబ్_డిఫాల్ట్ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, మెనూలో మూడో వరుసలో ఉన్న విండోస్ కావాలంటే 2 అని రాయాలి. "మూడోది" అని రాస్తే చదివేవాడు 3 పెడతాడు. మార్చాక మెనూని మళ్లీ తయారుచేసే అప్‌డేట్-గ్రబ్ నడపడం మర్చిపోయేవాళ్లు సరేసరి. పైగా గ్రబ్ 2.06 నుంచి, డిస్కులో వేరే ఓఎస్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపేసి ఉంటుంది కాబట్టి అసలు విండోస్ పేరే మెనూలో రాకపోవచ్చు.

వలపలగిలక:
"సున్నోది" అనకండి దయచేసి.

శకటరేఫ:
అంకె ఎందుకు, మెనూలో ఉన్న పేరే కోట్స్‌లో పెట్టి రాయమనండి, వరుస మారినా తప్పిపోదు. అయినా వరుస అంటే బావ వరుస, మరిది వరుస గుర్తొస్తాయి. క్రమం అనండి.

వలపలగిలక:
క్రమం సరే. క్రమత అనకపోతే చాలు.

అరసున్న:
ఇంతకీ వాడియా, గట్టియా?

రావత్తు:
మిన్న.