కాంక్రీటు సూత్రంలోని 5000: ఆ విద్యార్థికి సున్నా వేయడం న్యాయమేనా?

శారద (భౌతికశాస్త్ర అధ్యాపకురాలు):
సివిల్ విద్యార్థి ఒకరు పరీక్షలో రాసిన జవాబు మీద మా అధ్యాపకుల మధ్య వారం రోజులుగా వాదన నడుస్తోంది. కాంక్రీటు నిర్మాణాలకు మన దేశపు ప్రామాణిక కోడ్ అయిన ఐఎస్ 456:2000 ప్రకారం కాంక్రీటు స్థితిస్థాపక గుణకం (బరువుకు సాగకుండా, వంగకుండా నిలిచే గట్టితనపు కొలత) 5000√ఎఫ్‌సీకే. ఎఫ్‌సీకే అంటే 28 రోజుల క్యూబు బలం, అంటే పోసిన 28 రోజులకు కాంక్రీటు దిమ్మె తట్టుకునే ఒత్తిడి. అదీ, గుణకమూ న్యూటన్/చ.మి.మీ.లోనే ఉంటాయి. ఎడమవైపు పీడనపు మితి ఉండగా కుడివైపు దాని వర్గమూలమే ఉందని ఆ విద్యార్థి చూపించి, సూత్రం మితుల సజాతీయత నియమాన్ని (సమీకరణానికి రెండు వైపులా ఒకే మితి ఉండాలన్నదాన్ని) తప్పుతోంది కనుక చెల్లదని రాసి, లెక్క చేయకుండా వదిలేశాడు. సున్నా వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరంలో మేము నేర్పిన నియమాన్నే అతడు ప్రయోగించాడు కనుక కొన్ని మార్కులైనా ఇవ్వాలని నా అభిప్రాయం.

సుబ్బారావు (డిజైన్ ఇంజనీరు):
శారద గారూ, నేను ఒప్పుకోను. అది సిద్ధాంతం నుంచి రాబట్టిన సూత్రం కాదు, ప్రయోగ ఫలితాల మీద గీసిన గీత. ప్రమాణాలు ఫలానా అని కోడ్ స్పష్టంగా చెప్పింది, అసలు విలువ 20 శాతం అటూ ఇటూ ఉండవచ్చని కూడా అక్కడే రాసింది. ఎం25కి, అంటే 25 న్యూటన్/చ.మి.మీ. బలమున్న కాంక్రీటుకు, 25,000 వస్తుంది, దాంతో దూలం వంపు లెక్క వేస్తాం. కాలువల్లో నీటి వేగం లెక్కకు వాడే మానింగ్ సూత్రమూ ఇలాంటిదే: మీటర్లలో 1 ఉండే చోట అడుగుల్లో 1.49 వస్తుంది. అంతమాత్రాన కాలువలు పారడం మానలేదు.

శారద:
మానింగ్ ఉదాహరణ నా వాదనకే బలం, సుబ్బారావు గారూ. ఆ 1.49 ఎక్కడి నుంచో ఊడిపడలేదు. ఒక మీటరులో ఉన్న 3.28 అడుగులకు ఘనమూలం అది. అంటే మితి లేనట్టు కనిపించే ఆ అంకెలో మితి దాగి ఉంది. మన 5000 సంగతి కూడా అంతే. పాత అలవాటు కొద్దీ ఎవరైనా ఎం25 బలాన్ని 255 కిలోలు/చ.సెం.మీ.గా తీసుకుని దాని వర్గమూలాన్ని అదే 5000తో గుణించారనుకుందాం. సుమారు 80,000 వస్తుంది. రావలసింది 2,55,000. గుణకం మూడో వంతు కన్నా తగ్గిపోయింది కనుక లెక్కలో వంపు మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. 5000 పక్కన "√(న్యూటన్/చ.మి.మీ.)" అని రాసి ఉంటే ఈ పొరపాటుకు తావే లేదు. ఐరోపా కాంక్రీటు కోడ్ అయిన యూరోకోడ్ 2 చూడండి: అక్కడ సగటు బలాన్ని 10తో భాగించి, ఆ నిష్పత్తిని 0.3 ఘాతానికి హెచ్చించి, 22 గిగాపాస్కల్‌లతో గుణిస్తారు. ఏ అంకెకు ఏ ప్రమాణమో కంటికి కనబడుతుంది.

ఇంకొక మాట. గుణకం బలం ఒక్కదాని మీదే ఆధారపడితే, మితులు సరిపోవాలంటే అది బలానికి నేరుగా అనుపాతంలో ఉండాలి. వర్గమూలం వచ్చిందంటే పీడనపు మితి గల మరో రాశి లోపల పనిచేస్తున్నట్టే. కంకరరాయి గట్టితనం ఉండనే ఉంది కదా! ఆ విద్యార్థి ఈ తలుపు దాకా వచ్చి ఆగిపోయాడు, అదే నా బాధ.

సుబ్బారావు:
కంకర విషయం నిజమే. అదే యూరోకోడ్ బసాల్టు కంకరకు గుణకాన్ని 20 శాతం పెంచమని, ఇసుకరాయికి 30 శాతం తగ్గించమని చెబుతుంది. అయితే 5000ను వర్గమూలం లోపలికి తీసుకెళ్తే మీరన్న ఆ మరో రాశి 5000 వర్గం కావాలి, అంటే రెండున్నర కోట్ల న్యూటన్/చ.మి.మీ. వస్తుంది. గ్రానైటు గుణకమే అదే ప్రమాణంలో సుమారు 50 వేలు. కాబట్టి ఆ అంకెను ఏదో ఒక రాయి గుణంగా చదవకూడదు, అది ప్రయోగాలకు అతికిన స్థిరాంకం మాత్రమే. ప్రమాణాన్ని పక్కన రాయాలన్న మీ మాటకు మాత్రం అభ్యంతరం లేదు. "చెల్లదు" అన్న తీర్పుకు మార్కులివ్వలేను.

శారద:
"చెల్లదు" అన్నది తప్పేనని నేనూ ఒప్పుకుంటున్నాను. లోపాన్ని పట్టుకున్నందుకు అయిదు మార్కుల్లో రెండు అడుగుతున్నాను. వచ్చే ప్రశ్నపత్రంలో, బలాన్నీ గుణకాన్నీ కిలోలు/చ.సెం.మీ.లో రాస్తే 5000 ఎంత అవుతుందని అడగబోతున్నాను. జవాబు దాదాపు 16,000.