అమెరికా కొత్త ప్రభుత్వ విదేశాంగ ప్రాధాన్యాల్లో మన స్థానం ఏమిటి?

ప్రశ్న (ఎం.ఏ. విద్యార్థిని, విశాఖపట్నం):
అందరికీ నమస్కారం. 2025 జనవరి 20న ట్రంప్ రెండోసారి అధికారం చేపట్టినప్పటి నుంచి ఆయన ప్రభుత్వ విదేశాంగ నిర్ణయాలను తేదీల వారీగా రాసుకుంటున్నాను. ఏప్రిల్ దగ్గర చిక్కుబడ్డాను. ఆ నెల 1న మన రేవులో, ఐఎన్ఎస్ జలాశ్వ నౌక మీద, భారత్, అమెరికా సైన్యాల ఉమ్మడి విపత్తు సహాయ విన్యాసాలు 'టైగర్ ట్రయంఫ్' ప్రారంభమయ్యాయి. మర్నాడే వాషింగ్టన్‌లో మన సరుకులపై 26 శాతం సుంకం ప్రకటించారు. వీటిలో దేన్ని అసలు ప్రాధాన్యంగా తీసుకోవాలి?

జవాబు (నౌకాదళ విశ్రాంత ఉద్యోగి, మల్కాపురం):
అమ్మా, నా మటుకు సముద్రమే అసలు ప్రాధాన్యం. జలాశ్వ కూడా ఒకప్పటి అమెరికా నౌక ట్రెంటనే. 2007లో మనకు వచ్చింది. ఓడ వెనుక భాగంలోకి నీరు నింపి, లోపలి పడవలను తేల్చి, తలుపు దించి బయటకు పంపడం చూస్తే, తుపాను సహాయానికి అటువంటి ఓడ ఎంత అవసరమో అర్థమవుతుంది. అమెరికా విదేశాంగ మంత్రి రూబియో పదవిలోకి వచ్చిన రోజే, జనవరి 21న, క్వాడ్ దేశాల (అమెరికా, భారత్, జపాన్, ఆస్ట్రేలియా కూటమి) మంత్రులతో సమావేశమయ్యారు. సుంకాల గొడవ నడుస్తుండగానే అక్టోబరు 31న కౌలాలంపూర్‌లో భారత్, అమెరికాల పదేళ్ల రక్షణ ఒప్పందంపై సంతకాలు జరిగాయి.

జవాబు (రొయ్యల ఎగుమతి సంస్థలో లెక్కలు చూసే వ్యక్తి):
పెద్దలు చెప్పినదాన్ని కాదనలేను గానీ, మా ప్లాంటులో అమెరికా విదేశాంగ విధానమంటే సుంకమే. ఆగస్టు 7న 25 శాతం వేశారు. రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో అదే నెల 27 నుంచి మరో 25 కలిపారు. అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసేది) సుంకాలు వీటికి అదనం. అప్పట్లో మాతో పోటీపడే ఈక్వెడార్ రొయ్యకు 15 శాతమే ఉండేది. 27కు ముందు ఓడకెక్కి, సెప్టెంబరు 17లోగా అక్కడ దిగిన సరుకుకు మాత్రం ఆ రెండో 25 శాతం మినహాయించారు. ఆ వారమంతా మేము కంటెయినర్ల తేదీలు చూసుకుంటూ రాత్రిళ్లు ఆఫీసులోనే గడిపాం. కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ధర తగ్గితే చెరువు రైతు, పని తగ్గితే రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్డు ఆడవాళ్లు నష్టపోతారు. రష్యా చమురును మనకంటే ఎక్కువగా కొనే చైనాపై అదే కారణంతో అదనపు సుంకం వేయకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

జవాబు (రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు):
మీరిద్దరూ చెప్పినవి నిజాలే, కానీ రెండూ మన రేవు నుంచి చూసినవి. రూబియో తొలి విదేశీ పర్యటన పనామాతో మొదలై మధ్య అమెరికా, కరీబియన్ దేశాల్లోనే సాగింది. డిసెంబరులో వెలువడిన జాతీయ భద్రతా వ్యూహం 1823 నాటి మన్రో సిద్ధాంతాన్ని (అమెరికా ఖండాల్లో బయటి శక్తుల జోక్యం కూడదన్న విధానాన్ని) మళ్లీ ముందుకు తెచ్చి, పశ్చిమార్ధగోళంలో, అంటే ఆ ఖండాలున్న భాగంలో, అమెరికా పైచేయిని పునరుద్ధరిస్తామని ప్రకటించింది. పారిస్ వాతావరణ ఒప్పందం, ప్రపంచ ఆరోగ్య సంస్థల నుంచి వైదొలగాలన్న నిర్ణయాలు తొలిరోజువే. మన ప్రస్తావన ఆ వ్యూహంలో ఒక ప్రత్యేక రూపంలో ఉంది: భారత్‌తో వాణిజ్య సంబంధాలను మెరుగుపరచి, ఇండో-పసిఫిక్ భద్రతలో మన పాత్రను పెంచేలా ప్రోత్సహించాలని అందులో రాశారు. అంటే వాణిజ్యాన్ని, సముద్ర భద్రతను ఆ ప్రభుత్వం ఒకే బేరంలోని రెండు వైపులుగా చూస్తోందని నా అభిప్రాయం. అందుకే, అమ్మాయీ, ఏప్రిల్ 1, 2 తేదీలను వేర్వేరు శీర్షికల కింద విడదీయకుండా ఒకే వరుసలో రాయండి. ఆ పక్కనే ఆగస్టు 27నూ, అక్టోబరు 31నూ చేర్చండి.